నీళ్ల లెక్క కుదిరితే... గ్రీకు మటన్ రోల్ మన పెనం మీదే!

షవర్మా తెలియని వాళ్లు ఇప్పుడు ఎవరున్నారు? సాయంత్రమైతే చాలు, హైదరాబాద్‌లో ఏ మలుపు తిరిగినా ఓ కౌంటర్ కనిపిస్తుంది. నిలువుగా తిరిగే ఊచ, దాని మీద పొరలు పొరలుగా మాంసం, పక్కనే పొడవాటి కత్తి పట్టుకున్న మాస్టర్. ఆ షవర్మాకు గ్రీసులో దగ్గరి చుట్టాలు ఇద్దరున్నారు. ఒకటి ‘యీరోస్’. మన మెనూ కార్డుల్లో ‘గైరో’ అని కనిపించేది ఇదే. రెండోది ‘సువ్లాకి’.

యీరోస్ అంటే గ్రీకులో తిరగడం, చుట్టు అని అర్థం. టర్కీ వాళ్ల ‘డోనర్’ అంటే కూడా తిరిగేదే. షవర్మా అనే మాట పుట్టింది కూడా తిప్పడం అనే అర్థమున్న టర్కీ పదం నుంచే. మూడు పేర్లు, మూడు దేశాలు, చెప్పేది మాత్రం ఒకటే సంగతి: ఊచ తిరుగుతోంది, ఆగండి అని. సువ్లాకి లెక్క వేరు. ‘సువ్లా’ అంటే ఊచ, ‘సువ్లాకి’ అంటే చిన్న ఊచ. ముక్కలు గుచ్చి నిప్పుల మీద కాల్చి, మెత్తటి పీటా రొట్టెలో పెట్టి, టమాటా, ఉల్లిపాయ, వెల్లుల్లి పెరుగు పచ్చడి వేసి చుట్టి ఇస్తారు. ఇంట్లో తిరిగే యంత్రం ఉండదు కాబట్టి మనం చేసుకోగలిగేది ఈ రెండో చుట్టాన్నే.

దీనికి గ్రిల్లు, ఓవెన్, బొగ్గుల పొయ్యి ఏమీ అక్కర్లేదు. ఇనుప దోసె పెనం చాలు. వీడియోల్లో చూస్తే ఇందులో కష్టమేమీ కనిపించదు కూడా. అయినా ఇంట్లో చేసిన రోల్స్ చాలావరకు రెండు చోట్ల దెబ్బతింటాయి. ఒకటి, మటన్ రబ్బరులా సాగుతుంది. రెండు, నాలుగో కొరుకుకే అడుగు నుంచి నీళ్లు కారి చెయ్యంతా తడుస్తుంది. రెండింటికీ మూలం ఒకటే: నీళ్లు. మాంసంలో ఉండాల్సిన నీళ్లు బయటికి పోతున్నాయి. కీరా, పెరుగు, టమాటాల్లోంచి పోవాల్సిన నీళ్లు అక్కడే ఉంటున్నాయి. ఈ లెక్క సరిచేస్తే మిగతా వంటంతా మనకు అలవాటైనదే.

ఊచ కథ చాలా పాతది

గ్రీసులో శాంటోరిని అనే దీవి ఉంది. ఇన్‌స్టాలో తెల్లటి ఇళ్లు, నీలం గుమ్మటాలు కనిపిస్తాయే, అదే. సుమారు 3,600 ఏళ్ల కిందట అక్కడ అగ్నిపర్వతం పేలి అక్రోతిరి అనే పట్టణం బూడిద కింద పూడిపోయింది. తవ్వకాల్లో అక్కడి వంట సామాను బయటపడింది. అందులో ఊచలు ఆనించడానికి గాట్లు పెట్టిన మట్టి దిమ్మెలు జంటగా దొరికాయి. నిప్పులకు గాలి ఆడటానికి అడుగున రంధ్రాలు కూడా ఉన్నాయి. మన కబాబు బండి మీద ఊచలు ఆనించే ఇనుప చట్రానికి ముత్తాత అన్నమాట.

హోమర్ ఇలియడ్ తొమ్మిదో భాగంలో కూడా ఓ విందు ఉంటుంది. ఇంటికొచ్చిన అతిథుల కోసం వీరుడు అకిలీస్ స్వయంగా మాంసం కోసి, ఊచలకు గుచ్చుతాడు. దానికి ఉప్పు చల్లి నిప్పుల మీద కాలుస్తారు. అంత పెద్ద వీరుడి విందులో మాంసానికి పడింది ఉప్పు, నిప్పు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నిలువు ఊచ మీద తిరిగే యీరోస్ మాత్రం గ్రీసుకు చాలా ఆలస్యంగా వచ్చింది. 1922లో టర్కీతో యుద్ధంలో గ్రీసు ఓడిపోయింది. మరుసటి ఏడాది ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ జనాన్ని మార్చుకున్నాయి. పన్నెండు లక్షల మందికి పైగా టర్కీ నేల వదిలి గ్రీసుకు శరణార్థులుగా వచ్చారు. ఇల్లూ పొలం వదిలి వచ్చినవాళ్లు తమ వంటను మాత్రం వెంట తెచ్చుకున్నారు. ఇవాళ ఏథెన్స్ వీధుల్లో కనిపించే చాలా రుచుల వెనక ఆ వలస ఉంది. పెరుగు పచ్చడి ‘జజీకి’ పేరు కూడా టర్కీ మాట ‘జజిక్’ నుంచి వచ్చిందే.

గొర్రె మాంసమే ఎందుకు?

నిజం చెప్పాలంటే గ్రీసులో రోజువారీ సువ్లాకికి ఎక్కువగా వాడేది పంది మాంసం, ఆ తర్వాత చికెన్. గొర్రెపిల్ల మాంసం అక్కడ ఈస్టర్ పండుగది. ఆ రోజు పెరట్లో గొర్రెపిల్లను మొత్తంగా ఊచకు గుచ్చి గంటల తరబడి తిప్పుతూ కాలుస్తారు. రోల్‌లో లేత గొర్రె మాంసం అనగానే గుర్తొచ్చే ఊరు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గ్రీకు కుటుంబాలు వేల సంఖ్యలో అక్కడికి వలస వెళ్లాయి. అక్కడ లేత గొర్రె మాంసానికి కొదవ లేదు. అలా ‘ల్యాంబ్ సువ్లాకి’ ఆ ఊరి వంట అయిపోయింది. ఇప్పుడు అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లను అడిగి చూడండి, పార్టీ అయ్యాక అర్ధరాత్రి ఏం తిన్నారో చెబుతారు.

మనకూ గొర్రె కొత్త కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, రెండోది ఆంధ్రప్రదేశ్. మాది నెల్లూరు జిల్లా. అక్కడి గొర్రె జాతికి ఊరి పేరే ఉంది. పొడుగు కాళ్లు, ఒంటి మీద ఉన్ని లేకుండా పొట్టి వెంట్రుకలు. దూరం నుంచి చూస్తే మేకే అనుకుంటారు. తెల్లగా ఉంటే పల్ల, ముఖం మీదా కాళ్ల మీదా నల్ల మచ్చలుంటే జోడిపి, గోధుమ రంగుదైతే దొర. దేశంలో చాలా చోట్ల మటన్ అంటే మేక మాంసమే. మన దగ్గర మాత్రం అడిగితే పొట్టేలు మాంసం తేలిగ్గా దొరుకుతుంది. ఏడాది లోపుదే ‘ల్యాంబ్’. కాబట్టి కొట్టులో ‘ల్యాంబ్ ఉందా’ అని అడక్కండి. ‘లేత పొట్టేలు, తొడ భాగం, ఎముక లేకుండా, పెద్ద ముక్కలుగా’ అని అడగండి.

‘పెద్ద ముక్కలుగా’ అన్నది గట్టిగా చెప్పాలి. లేకపోతే మాట పూర్తయ్యేలోపే కత్తి ఆడించి కూర ముక్కలు చేసి చేతిలో పెడతారు.

తొడే ఎందుకంటే, మాంసం రెండు రకాలుగా మెత్తబడుతుంది. మెడ, కాలి పిక్క, ఛాతీ లాంటి చోట్ల ముక్కల మధ్య బంధన కణజాలం ఎక్కువ. అది కరిగి జిగురు కావాలంటే చాలాసేపు ఉడకాలి, లేదా కుక్కర్‌లో 120 డిగ్రీల దాకా వేడెక్కాలి. కూరకు రుచి వచ్చేది ఆ జిగురు వల్లే. తొడ కండలో అది తక్కువ. అందుకే దాన్ని ఎక్కువ వేడి మీద కాసేపే కాల్చి దించేయొచ్చు. కూర ముక్కల్ని పెనం మీద వేసి కాలిస్తే ఎంతసేపు కాల్చినా గట్టిగానే ఉంటాయి. అక్కడ మాంసం తప్పేమీ లేదు. దాన్ని వండాల్సిన పద్ధతి వేరు, అంతే.

మొదటి లెక్క: మాంసంలో నీళ్లు ఆపాలి

ఆరు రోల్స్‌కి అర కిలో బోన్‌లెస్ మటన్ సరిపోతుంది. ముందు పైనున్న తెల్లటి పొరను చిన్న కత్తితో ఒలిచేయండి. అది ఉంటే ముక్క పెనం మీద ముడుచుకుపోతుంది. తర్వాత ఒకటిన్నర సెంటీమీటరు మందంలో, అరచేతిలో పట్టేంత పలకలుగా కోయండి. ఊచలకు గుచ్చే చిన్న ముక్కలు నిప్పుల మీదే బాగుంటాయి. పెనం మీద పలకలైతే మొత్తం ఆనుకుని కాలుతాయి.

ఇప్పుడు 1 చిన్న చెంచా, అంటే సుమారు 6 గ్రాముల ఉప్పు అన్ని వైపులా పట్టించి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు మొదట నీళ్లను బయటికి లాగుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆ ఉప్పునీరు మళ్లీ మాంసంలోకి వెళ్తుంది. ఉప్పు పట్టిన మాంసం వేడి తగిలినా నీళ్లను అంత తేలిగ్గా వదలదు. ఖర్చులేని చిట్కా ఇది. టైమ్ ఒక్కటే కావాలి, అది కూడా మనం నిద్రపోయే టైమ్.

పొద్దున్న 2 పెద్ద చెంచాల ఆలివ్ నూనె, దంచిన వెల్లుల్లి రెబ్బలు 3, ఎండు ఒరెగానో 1 చిన్న చెంచా, అర చెంచా మిరియాల పొడి పట్టించండి. పిజ్జాతో వచ్చే ప్యాకెట్లలో చాలాసార్లు ఒరెగానోతోపాటు ఉప్పు, కారం కూడా కలిసి ఉంటాయి. కాబట్టి విడి ఒరెగానో వాడితే మంచిది. అది దొరక్కపోతే నాలుగు వామాకులు సన్నగా తరిగి వేయండి. నిజమే, బజ్జీలు వేసుకునే ఆ వామాకే. ఒరెగానోకు ఘాటు ఇచ్చే కార్వక్రాల్ అనే పదార్థం వామాకులోనూ ఉంటుంది. వాసనలో తేడా ఉంటుంది కానీ దారి ఒకటే.

నిమ్మరసం మాత్రం ఇప్పుడు వద్దు. పులుపులో గంటల తరబడి నానితే పైపొర పిండిలా అవుతుంది. దించాక పిండుకుందాం. మన చెయ్యి అలవాటుగా అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, కారం డబ్బాల వైపు వెళ్తుంది. అకిలీస్‌ను గుర్తు తెచ్చుకుని ఈ ఒక్కసారికి ఆపండి. మసాలా కూరలో బాగా ఉంటుంది. ఎర్రటి పెనం మీద మాత్రం మాంసం కంటే ముందు మసాలా మాడిపోతుంది.

ముదురు మాంసం వచ్చిందని అనుమానంగా ఉంటే, కాల్చడానికి అరగంట ముందు అర చెంచా పచ్చి బొప్పాయి ముద్ద రాయండి. అరగంట దాటితే తుడిచేయండి. అందులోని పపైన్ అనే ఎంజైమ్ మాంసకృత్తుల్ని విడగొడుతూనే ఉంటుంది. ఎక్కువసేపు వదిలితే మెత్తదనం పోయి చిదురులు చిదురులుగా అవుతుంది.

ఇక పెనం. ఇనుపదే వాడండి, నాన్‌స్టిక్ వద్దు. ఇంత వేడికి దాని పూత పాడవుతుంది. మంట పెద్దది చేసి 4-5 నిమిషాలు కాగనివ్వండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, కిటికీ తీయండి, పొగ ఖాయం. మాంసం పలకల్ని టిష్యూతో అద్ది తడి లేకుండా చేయండి. ఇది అసలు వదలకూడని స్టెప్. మాంసానికి కమ్మటి గోధుమ రంగు రావాలంటే పైభాగం 140 డిగ్రీల దాకా వేడెక్కాలి. నీళ్లేమో 100 దగ్గర ఆవిరవుతాయి. పైన తడి ఉన్నంతసేపూ పెనం వేడంతా ఆ తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. ముక్క ఉడుకుతుంది తప్ప కాలదు.

కొంచెం వేరుశనగ నూనె రాసి, పలకల్ని దూరం దూరంగా పేర్చండి. అర కిలోని రెండు విడతలుగా కాల్చండి. అంతా ఒకేసారి వేస్తే పెనం చల్లబడి నీళ్లూరుతాయి. ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలు. నొక్కొద్దు, కదపొద్దు. మాంసం 60 డిగ్రీలు దాటాక దాని పోగుల చుట్టూ ఉన్న తొడుగు ముడుచుకుంటూ, తడిగుడ్డను పిండినట్టు రసాన్ని బయటికి తోస్తుంది. అందుకే దించే సమయం అంత ముఖ్యం. కిచెన్ థర్మామీటరు ఉంటే లోపల 65 నుంచి 70 మధ్య చూపగానే దించేయండి. అమెరికా వ్యవసాయ శాఖ గొర్రె మాంసం ముక్కలకు చెప్పే హద్దు 63 డిగ్రీలు, ఆపైన 3 నిమిషాల విరామం. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే 71 దాకా వెళ్లండి. థర్మామీటరు లేకపోతే ఒక ముక్క మధ్యలో కోసి చూడండి. గులాబీ రంగు పూర్తిగా పోయి, ఇంకా రసం మెరుస్తుంటే చాలు.

దించాక 5 నిమిషాలు కదల్చకండి. తర్వాత అర నిమ్మకాయ పిండి, పోగులకు అడ్డంగా సన్నగా కోయండి. మాంసంలో గీతల్లా కనిపించేవే పోగులు. వాటికి అడ్డంగా కోస్తే పంటికి దొరికేవి పొట్టి పోగులు. నిలువుగా కోస్తే పొడవాటి దారాలు. ఒకే ముక్క, ఒకే పెనం, కత్తి తిరిగిన దిక్కును బట్టి మెత్తగానో సాగుతూనో ఉంటుంది.

విజిల్ లేని మటన్

మొన్న నెలలో అమ్మానాన్న నెల్లూరు నుంచి మా ఫ్లాట్‌కు వచ్చారు. ఆదివారం పెనం మీద మటన్ పెడతానంటే అమ్మకు నమ్మకం కుదరలేదు. ‘‘కుక్కర్లో పెట్టకుండా ఎట్టా ఉడుకుద్దే? మీ నాన్న తినొద్దా?’’ అంది.

ఆ ప్రశ్నలో న్యాయముంది. నాన్నకు రెండేళ్ల కిందట దవడ పళ్లు తీశారు. అప్పట్నుంచి మా ఇంట్లో మటన్‌కు ఏడు విజిళ్లు. అంత ఉడికినా నాన్న పులుసు అన్నంలో కలుపుకుని ముక్కలు పక్కకు పెట్టేస్తున్నారు. ఆదివారం పొట్టేలు మాంసం కోసం తెల్లారి ఆరింటికే సంచి పట్టుకుని బయల్దేరే మనిషి, రెండేళ్లుగా ముక్క తినడం లేదు. మేం కూడా అడగడం మానేశాం.

అందుకే ఆ రోజు నాన్న వాటా వేరుగా చూశాను. పలకను 71 డిగ్రీల దాకా కాల్చి, పోగులకు అడ్డంగా 2-3 మిల్లీమీటర్ల మందంలో, కాగితం ముక్కల్లా కోశాను. పీటా కూడా రెండు నిమిషాలు గుడ్డలో ఎక్కువ ఉంచి మెత్తబరిచాను. నాన్న రోల్ పట్టుకుని ముందు వాసన చూశారు. మెల్లగా తిన్నారు. మధ్యలో టీవీ సౌండ్ తగ్గించమన్నారు. అయిపోయాక కాగితం మడతపెడుతూ ‘‘పొట్టేలేనా ఇది? వాసన తెలుస్తా ఉంది’’ అన్నారు. మా ఊళ్లో మటన్‌కు ఇంతకు మించిన మెచ్చుకోలు లేదు.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. తన వాటాలో రెండు ముక్కలు మళ్లీ పెనం మీద వేసి ఇంకో ఐదు నిమిషాలు కాల్చింది. అవి కట్టెల్లా అయ్యాయి. ఏమీ మాట్లాడకుండా మిగతా ముక్కలు అలాగే తినేసింది. పచ్చిమిరపకాయ మాత్రం అడిగి మరీ తెప్పించుకుంది.

రెండో లెక్క: పెరుగులో, కీరాలో నీళ్లు తీయాలి

జజీకి చూడగానే ‘ఇది మన కీరా పెరుగు పచ్చడే కదా’ అనిపిస్తుంది. చాలావరకు నిజమే. తేడా చిక్కదనంలోనే ఉంది. మన పచ్చడి అన్నంలో కలవాలి కాబట్టి జారుగా ఉంటుంది. జజీకి రోల్‌లో నిలబడాలి.

అర కిలో గట్టి పెరుగును పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో వేలాడదీయండి. మూడు గంటలు చాలు, రాత్రంతా అయినా పర్వాలేదు. సగానికి సగం తగ్గి వెన్నలా అవుతుంది. కింద గిన్నెలో పడిన పెరుగు నీళ్లు పారబోయకండి, పని ఉంది.

ఓ కీరా తురిమి చిటికెడు ఉప్పు కలిపి పది నిమిషాలు వదలండి. తర్వాత గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. అర గ్లాసు దాకా నీళ్లు వస్తాయి. ఆ నీళ్లే రోల్ అడుగు నుంచి కారేవి. పిండిన కీరా, మూట పెరుగు, మెత్తగా నూరిన వెల్లుల్లి రెబ్బ ఒకటి, 1 పెద్ద చెంచా ఆలివ్ నూనె, 1 చిన్న చెంచా నిమ్మరసం లేదా వెనిగర్, తరిగిన సోయకూర లేదా పుదీనా కలపండి. ఉప్పు రుచి చూసి వేయండి, కీరాలో కొంత ఉంది. అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే వెల్లుల్లి ఘాటు పెరుగులో సర్దుకుంటుంది.

మూడో లెక్క: రొట్టెకు నీళ్లు ఇవ్వాలి

గ్రీకు పీటాకు పొట్టలో సంచి ఉండదు. మందంగా, మెత్తగా ఉండి, చుట్టినా విరగదు. మైదా 250 గ్రాములు (కావాలంటే సగం గోధుమ పిండి), ఇన్‌స్టంట్ ఈస్ట్ 1 చిన్న చెంచా, పంచదార 1 చిన్న చెంచా, ఉప్పు ముప్పావు చెంచా, నూనె 1 పెద్ద చెంచా తీసుకోండి. ఇందాక దాచిన పెరుగు నీళ్లను గోరువెచ్చగా చేసి 150 మిల్లీలీటర్లు పోసి కలపండి. చాలకపోతే మామూలు నీళ్లు కలుపుకోవచ్చు. గోధుమ పిండి వాడితే ఇంకో రెండు చెంచాలు పడతాయి. పెరుగు నీళ్లతో రొట్టెకు కాస్త పులుపు, మెత్తదనం వస్తాయి. ఒక దాంట్లోంచి తీసిన నీళ్లు ఇంకో దాంట్లో పనికొచ్చాయి కదా!

చేతికి కాస్త అంటుకునేలా ఉన్న పిండిని 8-10 నిమిషాలు బాగా పిసికి, తడిగుడ్డ కప్పి గంట వదిలితే రెట్టింపవుతుంది. ఆరు ఉండలు చేసి, అప్పడాల కర్రతో 15 సెంటీమీటర్ల వెడల్పున, పూరీ కంటే మందంగా ఒత్తండి. ఫోర్క్‌తో అక్కడక్కడా గుచ్చితే పూరీలా పొంగదు. వేడి పెనం మీద నూనె రాసి ఒక్కో వైపు నిమిషంన్నర కాల్చండి. దించగానే గుడ్డ పరిచిన హాట్‌బాక్స్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి మూతపెట్టండి. తమ ఆవిరికి తామే మెత్తబడతాయి. బయట వదిలేస్తే పది నిమిషాల్లో ఎండి, చుట్టేటప్పుడు చీలిపోతాయి. ఈస్ట్ గొడవ వద్దనుకుంటే కొన్న కుల్చాలను ఇలాగే నూనెతో వేడిచేసి గుడ్డలో చుట్టి వాడుకోవచ్చు.

సలాడ్, చుట్టడం

టమాటాలు రెండు తీసుకుని, గింజల గుజ్జు తీసేసి, కండ మాత్రమే పొడవుగా కోయండి. గుజ్జు సాంబారులోకి పోతుంది. ఉల్లిపాయను సన్నగా, పొడవుగా కోసి చల్లటి నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి ఆరబెడితే ఘాటు తగ్గుతుంది. గ్రీకులు పార్స్‌లీ వాడతారు. లేకపోతే కొత్తిమీర కాస్త వేయండి. సలాడ్‌కు ఉప్పు మాత్రం చుట్టే నిమిషంలోనే వేయాలి. ముందే వేస్తే గిన్నె అడుగున చెరువు తయారవుతుంది.

ఓ ముఖ్యమైన మాట. పచ్చి మాంసం కోసిన బోర్డు, కత్తి సలాడ్‌కు వాడొద్దు. కూరగాయలు ముందు కోసి పక్కన పెట్టుకుని, మాంసం చివర కోస్తే సమస్యే రాదు. సలాడ్ మళ్లీ పొయ్యి ఎక్కదు కదా.

గ్రీసులో కొట్టు దగ్గరకెళ్లి ‘అప్ ఓలా’ అంటే ‘అన్నీ వేసి ఇవ్వు’ అని. జజీకి, టమాటా, ఉల్లిపాయ, పైన నాలుగు వేడి ఆలూ చిప్స్ కూడా వేసి చుడతారు. అవును, ఫ్రెంచ్ ఫ్రైస్ రోల్ లోపలే. మనమూ అలాగే. పీటా మీద జజీకి పలుచగా రాయండి. మధ్యలో మటన్, పైన టమాటా, ఉల్లిపాయ, చిప్స్. రెండు అంచులూ మధ్యకు మడిచి, అడుగు భాగాన్ని బటర్ పేపర్‌తో బిగించి చుట్టండి. ఎక్కువ నింపాలనే ఆశ వద్దు. ఒక్కో రోల్‌లో గుప్పెడు మటన్ చాలు.

ఆదివారం టైమ్‌టేబుల్

శనివారం రాత్రి: మటన్‌కు ఉప్పు పట్టించి, పెరుగు మూటకట్టి ఫ్రిజ్‌లోకి. మొత్తం పావుగంట పని.

11:00: పీటా పిండి కలపడం.

11:15: మటన్‌కు నూనె, వెల్లుల్లి, ఒరెగానో పట్టించి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కోవడం.

11:30: కీరా పిండి జజీకి కలపడం, సలాడ్ కోయడం, చిప్స్‌కు ఆలూ తరగడం.

12:15: మటన్ ఫ్రిజ్‌లోంచి బయటికి. పీటాలు ఒత్తి కాల్చడం.

12:40: చిప్స్ వేయించడం ఒక పొయ్యి మీద, మటన్ రెండు విడతలుగా రెండో పొయ్యి మీద.

1:00: అందరూ కూర్చోవడం. ఎవరి రోల్ వాళ్లే చుట్టుకుంటే ఇంకా మంచిది.

చికెన్ ఇష్టమైతే తొడ మాంసం ఇలాగే చేయొచ్చు. లోపల 74 డిగ్రీలు దాకా ఉడకాలి. మాంసం తినని వాళ్లకు పనీర్ పలకలు, పుట్టగొడుగులు బాగుంటాయి. పుట్టగొడుగుల్లో నీళ్లు ఎక్కువ కాబట్టి పెనం మీద ఆ నీళ్లు ఇగిరేదాకా ఆగాలి.

మటన్ ధర మనందరికీ తెలిసిందే. ఓ రెస్టారెంట్ బిల్లు డబ్బుతో ఇంట్లో నలుగురు కడుపునిండా తినొచ్చు. పైగా ఎవరి పంటికి తగ్గట్టు వాళ్ల ముక్క కోసి పెట్టొచ్చు. యాప్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ ఆప్షన్ ఉండదు. మీ ఇంట్లో కూడా కొన్నాళ్లుగా ముక్కలు పక్కకు పెట్టేస్తున్న వాళ్లు ఎవరైనా ఉంటే, ఈ శనివారం రాత్రే ఓ తొడ ముక్కకు ఉప్పు రాసి ఫ్రిజ్‌లో పెట్టండి.